క్రాస్‌రోడ్డు మీది బురద చెప్పులు

ఆ ఊరికి నేను వెళ్లలేదు. వెళ్లానని రాశాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. చిన్న ఊళ్ల జనాభా మీద, వాటి రవాణా సౌకర్యాల మీద మా విభాగం సర్వే చేస్తోంది. ఊరూరూ తిరిగి ఫారాలు నింపాలి. ఒక్క ఊరు మిగిలింది. వానలు పట్టుకున్నాయి. బస్టాండులో ఆ ఊరి పేరు బోర్డు పెట్టుకున్న బస్సు కనబడింది. పేరుంటే పోతుందిలే అనుకున్నాను. జనాభా పాత జాబితాలోంచి ఎక్కించి, ‘బస్సు ఊళ్లోకి వస్తుంది’ అన్న గడిలో టిక్కు పెట్టి, తార్నాకలో చాయ్ తాగి హాస్టల్‌కు వచ్చేశాను.

మా మెస్సులో రొట్టెలు చేసే అక్కది ఆ ఊరే. వారాసిగూడలో అద్దెకుండేది. సర్వేలో వాళ్ల ఊరు నా వంతుకొచ్చిందని ఆమెకు తెలుసు.

“తమ్మీ, మా ఊరికి బస్సు రాదని రాసినవా?” అని ఆ వారమే అడిగింది.

“రాసిన అక్కా.”

“మంచిగ చేసినవ్. బోర్డు మీద మా ఊరే ఉంటది గని, బస్సు క్రాస్‌రోడ్డు కాడ్నే మర్లిపోతది. గాడికెళ్లి గంట నడవాలె.”

నా ప్లేట్లో ఇంకో రొట్టె వేసింది. తిన్నాను. ఫారం మాత్రం దిద్దలేదు. దిద్దాలంటే వెళ్లలేదని మా సారు ముందు ఒప్పుకోవాలి.

ఆ సర్వే పుస్తకంగా వచ్చింది. నాకు అదే క్యాంపస్‌లో ఉద్యోగమూ వచ్చింది. ఈ వానాకాలం తార్నాక బస్‌స్టాప్‌లో అక్క కనబడింది. జుట్టు నెరిసింది. చేతిలో అర్జీ.

“ఏంది తమ్మీ, గా పొట్ట? నా రొట్టెలు ఇంక అరగలేదా?” అని నవ్వింది. తర్వాత అర్జీ చూపించింది. “బస్సు కావాలని పోతే ఆఫీసుల ఏదో బుక్కు తీస్తున్నరు. మా ఊర్లకు బస్సు వస్తదని అండ్ల ఉన్నదంట. ఎవడు రాసిండో గని, వాన్ని ఒక్కపారి మా తొవ్వల నడిపియ్యాలె.”

“నన్ను తీస్కపో అక్కా,” అన్నాను.

ఆదివారం ఇద్దరం బయల్దేరాం. బస్సు క్రాస్‌రోడ్డు దగ్గర దించి వెనక్కి తిరిగింది. అక్కడ ఒక పంక్చర్ షాపు. దాని గోడ పొడుగునా రెండు చెక్కల అరలు. వాటి నిండా బురద చెప్పులు.

ఊళ్లోంచి వచ్చేవాళ్లు బురద చెప్పులు అక్కడ విడిచి, సంచిలోని మంచివి తొడుక్కుని బస్సెక్కుతారట. కింది అర పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లది. పై అర అక్కలాగా పట్నంలో ఉండేవాళ్లది. చివరి బస్సు దిగినవాళ్లు ముందు కింది అర చూస్తారు. ఇంకో జత మిగిలి ఉంటే, ఆ మనిషి ఏ ఆటోలోనో వచ్చేదాకా కూర్చుంటారు. ఆ తొవ్వలో ఎవరినీ ఒంటరిగా నడవనివ్వరు.

“గిది మా వదినెది. గిది డిగ్రీ పిల్లది. గీ మడమ అరిగినవి మేస్త్రీవి,” అని అక్క ఒక్కొక్కటే చూపిస్తోంది. పై అరలోంచి తన జత తీసుకుంది. “ఇప్పటికి ఎన్ని జతలు మార్చిన్నో! నేను యాడున్నా నా జత గీడ ఉండాలె.”

రోజూ బయటికి పోయేది ఎంతమంది, పట్నంలో ఉండేది ఎంతమంది, ఎవరు ఇంకా ఇల్లు చేరలేదు, అన్నీ ఆ రెండు చెక్కల మీద ఉన్నాయి. రోజూ సరిచూసుకునే లెక్క. మా పుస్తకం మొత్తంలో ఇంత నిజమైన పేజీ ఒక్కటీ లేదు.

షాపతను గోడ మూల నుంచి ఒక జత తీసి నా ముందు పడేశాడు. “చుట్టాలకని పెట్టినం సార్. బూట్లు ఇప్పుండ్రి, గా బురదల నడువయ్.”

బూట్లు విప్పాను. ఆ చెప్పుల్లో కాలు పెట్టడానికి మనసొప్పలేదు. జేబులోంచి ముందు రోజు రాసిన ఉత్తరం తీసి అక్క చేతిలో పెట్టాను.

“అక్కా, ఆ బుక్కుల రాసింది నేనే. ఊరు చూడకుండనే రాసిన. నువ్వు చెప్పినంక గూడ దిద్దలే, నీకు అబద్ధం చెప్పిన. గిదే మాట గీ కాయితంల రాసి సంతకం పెట్టిన. రేపు నీతో ఆఫీసుకొచ్చి నేనే ఇస్త. తప్పయింది. మాఫ్ చెయ్యక్కా.”