ఆపా కడిగిన రీలు

కొత్తవాడలో మేం ఆపా అని పిలిచే మా పక్కింటి అక్కకు కుదురుండేది కాదు. కూర్చున్నా కాలు ఊపుతూనే ఉండేది. అలాంటి మనిషి, అందరూ ఫోన్లలో ఫోటోలు తీస్తున్న ఈ రోజుల్లో, పాత కెమెరాలో రీలు వేసి నలుపు తెలుపు ఫోటోలు తీసేది. బాత్రూంను చీకటి చేసి ఆ రీళ్లు తనే కడిగేది.

ఆపా అబ్బా అని పిలిచే వాళ్ల నాన్న జంపఖానాల మగ్గం ఎత్తేస్తున్నారు. ముందురోజు ఆయన నేస్తుంటే ఆపా రీలంతా తీసింది. మర్నాడు పొద్దున్నే కడగడానికి నన్ను తోడు పిలిచింది. మందునీళ్ల డబ్బా తిప్పుతూ "అయిందా? అయిందా?" అని నన్నే అడిగింది. చివరికి రీలు తీసి వెలుతురుకు పట్టింది. ఒక్క బొమ్మా లేదు. కెమెరాలో రీలు అసలు తిరగనేలేదు.

చేతులు చున్నీకి తుడుచుకుని, కొత్త రీలు వేసుకుని మగ్గం దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే దారాలన్నీ తీసేశారు. మనుషులు చెక్కలు విప్పబోతున్నారు.

"జర ఆగుండ్రి! అబ్బా, మళ్ల కూసోండ్రి."

"నిన్ననే అన్ని తీసినవ్ గద బేటీ?"

"ఇంకొక్కటి, అబ్బా."

ఆయన కూతురి ముఖం చూశాడు. వెళ్లి ఖాళీ మగ్గం ముందు కూర్చున్నాడు.

ఆ ఫోటో ఇప్పుడు వాళ్లింటి గోడకుంది. మగ్గం మీద ఒక్క దారమూ లేదు. ఆయన చేతులు మాత్రం నేస్తున్నాయి.