కుర్చీ మారి చెప్పమనే మాస్టారు

మా అమ్మాయి మాస్టారు పోయారు. ఫోను వచ్చేసరికి నేను వంటింట్లో బూందీ దూస్తున్నాను. అమ్మాయి పీహెచ్‌డీ చేసి డాక్టరయింది కదా, అమెరికాలో ఈ నోవై ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరినీ పిలిచి లడ్డూలు పెట్టాలని నా తాపత్రయం. పట్టా చేతికొచ్చి నెలన్నా కాలేదు. అమ్మాయి ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నేను స్టవ్వు కట్టేశాను.

"పాకం ముదిరిపోతుంది, ఏం చేద్దామండీ?" అని మా ఆవిడ మెల్లగా అడిగింది.

నిజం చెప్పొద్దూ, నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఈ పెద్దమనిషి ఆరేళ్ళపాటు మమ్మల్ని కాల్చుకు తిన్నాడు. ఇప్పుడు నా కూతురి పండగనాడే వెళ్ళిపోయాడు. ఒక్క సంతోషమన్నా నిండుగా పడనిచ్చాడా ఈయన, అనుకున్నాను. ఆ తరవాతే వచ్చింది ఏడుపు.

నేను బస్సు డ్రైవరుగా చేసి రిటైరయినవాణ్ణి. చదివింది ఎనిమిదో తరగతి. మా అల్లుడు ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అమ్మాయి, బయట మోకాళ్ళదాకా మంచు, ఇంట్లో తోచక, యూనివర్సిటీలో ఏదో ఒక క్లాసులో చేరదామని వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి ఈయన క్లాసులో పడింది. చైనా చరిత్ర! అదీ ఇప్పటి చైనా కాదు. పదిహేను వందల ఏళ్ళ కిందట ఆ దేశం రెండుగా చీలిపోయి, ఉత్తరాన ఒక చక్రవర్తి, దక్షిణాన ఒక చక్రవర్తి, అసలువాణ్ణి నేనంటే నేనని కూర్చున్న కాలం. ఉత్తరాన ఏలినవాళ్ళు గడ్డి మైదానాల నుంచి గుర్రాలమీద దిగినవాళ్ళు. దక్షిణాన ఉన్నవాళ్ళు పాత రాజధాని వదిలేసి, పెద్ద నది దాటి పారిపోయి వచ్చిన కుటుంబాలు. సంవత్సరాలకు కూడా ఎవరి చక్రవర్తి పెట్టిన పేరు వాళ్ళదేనట. ఇటువాళ్ళకు అటువాళ్ళు అనాగరికులు, అటువాళ్ళకు ఇటువాళ్ళు అనాగరికులు.

"ఇది చదివి ఏం చేస్తావే?" అని అడిగాను, మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు.

"తెలియకే కదా నాన్నా చదువుతున్నా!" అంది. అలాంటి జవాబులు ఆయన దగ్గర నేర్చుకున్నవే.

మాస్టారు మనిషి చూస్తే బక్కపలచన. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. పాత దక్షిణ రాజధాని ఉండిన ఊళ్ళోనే పుట్టారట. యుద్ధాల్లో ఇల్లు వదిలి, ఎక్కడెక్కడో తిరిగి, ఇక్కడ తేలారు. అక్కగారు చైనాలో ఉండిపోయింది, తమ్ముడు సముద్రం దాటి, రెండో చైనా ప్రభుత్వం వెలసిన ద్వీపానికి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి అక్క ఉత్తరం తమ్ముడికి చేరే దారి లేదు. విందుల్లో ఎవరైనా ఆయన్ని "మీది ఏ చైనా?" అని అడిగితే, "భోజనం అయ్యాక చెప్తాను" అనేవారు. ఎన్ని భోజనాలైనా ఆ జవాబు మాత్రం ఎవరూ వినలేదు.

ఆయన ఇంట్లో ముందుగదిలో రెండు చెక్క కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. శిష్యులెవరు వచ్చినా అదే తంతు. ఏదో ఒక యుద్ధమో, సంధో తీసుకుని, ముందు ఉత్తరం కుర్చీలో కూర్చుని అక్కడి మనిషిలా చెప్పాలి. ఆ తరవాత లేచి, దక్షిణం కుర్చీలో కూర్చుని మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. రెండోసారి చెప్పేటప్పుడు గొంతులో జోరు కాస్త తగ్గిందా, "మళ్ళీ" అనేవారు. మా అమ్మాయి ఆ కుర్చీల మధ్య తిరిగిన తిరుగుడుకి చెప్పులు అరిగాయని నేను దెప్పేవాణ్ణి.

నన్ను ఆయన "ఫాదర్" అని పిలిచేవారు. మా ఆవిడ నవ్వేది, "ఇక తెల్ల అంగీ ఒకటే తక్కువ మీకు" అని. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను. వాసన చూసి కిందపెట్టి ఒకటే నవ్వు. ఆ కాలంలో ఉత్తరాదివాళ్ళు పుల్లటి పాలు తాగేవారట, దక్షిణాదివాళ్ళు టీ తాగేవారట, ఒకళ్ళ గ్లాసు చూసి ఒకళ్ళు వెక్కిరించుకునేవారట.

"ఫాదర్, మీరు ఉత్తరాదివాళ్ళు" అన్నారు. అమ్మాయి తెలుగులో చెప్పింది.

"ఏంటే, నేను ఉత్తరాదివాణ్ణా? కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణని చెప్పు!"

చెప్పింది. ఆయన సంచీలోంచి తన టీ పొట్లం తీసి నాకూ ఒక కప్పు కలిపారు. పాలు లేవు, పంచదార లేదు. ఎండుగడ్డి కడిగిన నీళ్ళు. తాగానండీ! కూతురి చదువు ఆయన చేతిలో ఉంటే తాగక ఏం చేస్తాను?

ఆరోజే ఇంకో సంగతి చెప్పారు. గుర్రాలమీద వచ్చిన ఆ రాజుల్లో ఒకాయన, కొలువులో సొంత భాష మాట్లాడకూడదు, సొంత బట్టలు కట్టకూడదు, అంతా చైనావాళ్ళలాగే ఉండాలని శాసనం చేశాడట. ముప్పై దాటినవాళ్ళకు మాత్రం, అలవాటు మారదు కనక, కొంచెం చూసీచూడనట్టు పొమ్మన్నాడట.

"హమ్మయ్య, నేను బతికిపోయాను" అన్నాను.

మా అమ్మాయి నవ్వలేదు. తనకు అప్పటికి ముప్పై నిండలేదు. అదేపనిగా ఆమె ముఖం చూస్తూ, "మంచి ప్రశ్న దొరికింది" అన్నారు మాస్టారు. ముప్పై లోపువాళ్ళు ఏమయ్యారన్న ఆ ప్రశ్నలోంచి పుట్టిందే ఆమె థీసిస్.

ఇక ఆయన డ్రైవింగు! ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టుకున్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మంచులో నత్తలా నడుపుతూ, చేతులు రెండూ గాల్లోకి లేపి, ఆ వంశం ఇలా, ఈ వంశం అలా అని చెప్పేవారు. మా ఎగ్జిట్ దాటిపోయేది. "మాస్టారూ, రోడ్! రోడ్!" అని నేను అరిస్తే, "ఫాదర్, వెనక్కి వచ్చే దారి ఎప్పుడూ ఉంటుంది" అనేవారు. లేని బ్రేకు మీద కాలు నొక్కీ నొక్కీ నా పిక్కలు పట్టేసేవి.

అసలు గొడవ చివరి అధ్యాయంతో వచ్చింది. ఉత్తరం సైన్యం నది దాటి, దక్షిణ రాజధానిని గెలిచి, దేశం మళ్ళీ ఒకటయిన ఘట్టం అది. మా అమ్మాయి సంబరంగా రాసింది. ఆయన తిప్పి పంపారు. "కోటలు కూలగొట్టి, ఆ ఊరిని దున్నించారు. ఆ ఊళ్ళో ముసలమ్మ దీన్ని సంబరం అంటుందా?" సరేనని దుఃఖంగా రాసింది. మళ్ళీ తిప్పి పంపారు. "కొడుకు ఇక యుద్ధానికి వెళ్ళక్కర్లేదని తెలిసిన ఉత్తరాది ముసలమ్మ దీన్ని దుఃఖం అంటుందా?" ఇలా ఎన్నిసార్లని! పిల్ల చిక్కి సగమైంది. ఒకరోజు కాగితాలన్నీ అట్టపెట్టెలో పడేసి, "నా వల్ల కాదు నాన్నా, మానేస్తున్నా" అంది.

నేను ఇంక ఆగలేకపోయాను. మన ఊళ్ళో హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళినట్టు వెళ్ళి బతిమాలుకుందామనుకున్నాను. "ఉత్త చేతుల్తో వెళ్తారా?" అని మా ఆవిడ సున్నుండలు కట్టి ఇచ్చింది. అమ్మాయికి చెప్పకుండా అల్లుడి కారెక్కాను. "మామయ్యా, ఇక్కడ ఇలా వెళ్ళి అడగరు, తనకి తెలిస్తే నన్ను చంపేస్తుంది" అంటూనే దింపాడు పాపం. లోపలికి మాత్రం రానన్నాడు.

మాస్టారు సున్నుండ తింటూ, గడ్డం నిండా పిండి, కుర్చీ చూపించారు. కూర్చున్నాను. నా బస్సు ఇంగ్లీషంతా బయటికి తీశాను.

"మై డాటర్ గుడ్ గర్ల్. సిక్స్ ఇయర్స్. నో స్లీప్, నో ఈటింగ్. ఇనఫ్, మాస్టారూ! ప్లీజ్ సైన్!"

అంతా విన్నారు. తల ఊపారు. తరవాత ఎదుటి కుర్చీలోంచి లేచి, "ఫాదర్, చేంజ్. నౌ యూ ఆర్ మీ" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ వయసులో నాకూ ఈ కుప్పిగంతులా! అయినా లేచి, ఆయన కుర్చీలో కూలబడి, ఆయన మీది కోపమంతా ఆయన గొంతులోనే కక్కాను.

"ఐ ఓల్డ్ మాన్. టుడే ఐ సైన్, వెరీ ఈజీ. టుమారో ఐ డై. దెన్ హూ విల్ ఆస్క్ హర్ క్వశ్చన్?"

వెక్కిరింతగా అన్న మాటే అది.  ఆయన చేతిలో మిగిలిన సున్నుండ ముక్కను జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టారు. అప్పటికే డాక్టర్లు ఆయనకు చెప్పేశారని మాకు తరవాత తెలిసింది.

"ఫాదర్, యూ పాస్" అన్నారు చివరికి. "డాటర్, నాట్ యెట్."

తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మాయికి నిజం చెప్పక తప్పలేదు. ముందు నామీద విరుచుకుపడింది. "ఏం పరువు తీశావు నాన్నా! చిన్నపిల్లనా నేను?" అని. తరవాత, "ఆయన కుర్చీలో కూర్చుని ఏమన్నావో మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. అట్టపెట్టె తెరిచింది.

ఈసారి ఆ ముసలమ్మలిద్దరినీ రాసింది. దున్నిన నేలలో తన గుమ్మం ఎక్కడుండేదో వెతుక్కునే ఆమెనూ, కొడుక్కి అన్నం పెడుతున్న ఆమెనూ. ఒకరి మాట ఇంకొకరి మాటను కొట్టెయ్యకుండా రాసిందట. మాస్టారు ఆస్పత్రి మంచం మీద చదివి, "ఇంక నేను అడగడానికి ఏమీ లేదు" అన్నారట. పెద్దల ముందు పరీక్ష నెగ్గింది. నా కూతురు డాక్టరండీ! వీధిలో కుక్కను తిప్పుతున్న తెల్లాయనను ఆపి మరీ చెప్పాను. చుట్టాలందరిలోకీ అంత చదువు చదివిన పిల్ల లేదు. ఆ ఆనందం ఇప్పటికీ గొంతుదాకా ఉంది. దాని పక్కనే ఈ బాధ కూడా వచ్చి కూర్చుంది. ఏది ముందు పలకరించాలో తెలియక సతమతమవుతున్నాను.

పట్టా ఇచ్చిన రోజు మాస్టారు చక్రాల కుర్చీలో వచ్చారు. ఇక్కడ డాక్టరయినవాళ్ళ మెడలో గురువే స్వయంగా ఒక రంగుల గుడ్డ వేస్తారు. అది వీపు మీదికి జారుతుంది. ముందు వచ్చిన గురువులంతా చిటికెలో వేసి కరచాలనం చేసి వెళ్ళిపోయారు. మా అమ్మాయి వేదిక మీద ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుని తల వంచింది. ఆయన గుడ్డ వేశారు. వేసి ఊరుకున్నారా! కుడి భుజం మీది అంచు కాస్త లాగారు. ఎడమవైపు చూసి, అటు కాస్త లాగారు. మళ్ళీ కుడివైపు. హాలంతా ఎదురుచూస్తోంది, వెనక వరసలో పట్టాల కోసం మిగతా పిల్లలు నిలబడి ఉన్నారు. "కానివ్వండి మాస్టారూ!" అని నేను తెలుగులోనే కేకేశాను. ఆయన తలెత్తలేదు. రెండు భుజాల మీదా గుడ్డ సమంగా వచ్చేదాకా, మెల్లగా, సర్దుతూనే ఉన్నారు.