బీరువాలోని మాట్లాడే పలక

అంగన్‌వాడీ టీచరు కృపావతి ఆ మాట్లాడే పలకను సంతలో అమ్ముకుందని కొందరన్నారు. మనవరాలికి ఇచ్చుకుందని మరికొందరన్నారు. దాన్ని వాడడం ఆ కొండమనిషికి చేతకాలేదని మైదానం నుంచి వచ్చిన దుకాణదారులు తేల్చేశారు. మూడూ అబద్ధాలే. బొమ్మ మీద వేలు పెడితే పిట్ట కూతో, పులి గాండ్రింపో వినిపించే ఆ పలక కొయ్యూరు కొండల్లోని ఆ ఊరి అంగన్‌వాడీకి ప్రభుత్వం నుంచి వచ్చి రెండేళ్లయింది. మొదటిరోజే పిల్లలు దాని మీద ఎగబడేసరికి, పాడైతే సంజాయిషీ రాయవలసింది తానేనని ఆమెకు గుర్తొచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, బీరువా తెరిచి, పలకను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో నాలుగంచులూ తుడిచి, ప్లాస్టిక్ కవరు తొడిగి, మళ్లీ తాళం వేసేది. పిల్లలు చాప మీద కూర్చుని చూసేవారు.

మొన్న తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు వరలక్ష్మి పలకను నాలుగేళ్ల గంగ చేతికిచ్చి, "ఏదీ, ఎలా ఆడతావో చూపించమ్మా" అంది. గంగ దాన్ని ఒళ్లో పెట్టుకుని, గౌను అంచుతో శ్రద్ధగా తుడిచి, కవరు తొడిగింది.

"అదేటే గుంటా, నొక్కవా?" అంది వరలక్ష్మి.

"నొక్కకూడదు. టీచరమ్మ రోజూ ఇలాగే ఆడతాది."

కృపావతి తల దించుకుంది. ఇన్నాళ్లూ భయపడిన సంజాయిషీ ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె దొంగిలించలేదు, అమ్ముకోలేదు. పిల్లల కోసం వచ్చిన ఆటవస్తువును రెండేళ్లపాటు పిల్లల నుంచే కాపాడింది.