అరగకుండా కాపాడిన డిస్కు

కంప్యూటర్ డిస్కుకి దీర్ఘాయుష్షు ప్రసాదించబోయి కాపురం మీదికి తెచ్చుకున్న మగాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. మారేడ్‌పల్లి వస్తే నన్ను చూడొచ్చు.

ముందు మా వంశం సంగతి చెప్పాలి. మాది విజయనగరం వైపు. మా ఇంట్లో కొత్త వస్తువుని వాడటమంటే దానికి అపకారం చేయడమే. సోఫాకి ప్లాస్టిక్ కవరు, టీవీ రిమోటుకి కవరు, ఆ కవరు చిరిగితే దానిమీద ఇంకో కవరు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, పెళ్లయిన కొత్తలో మా కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు కొని బిగించాను. బిగించాక నెట్‌లో ఒక ముక్క చదివాను: ఎస్‌ఎస్‌డీ మీద రాసినకొద్దీ అది అరుగుతుందట. నేనుండగా అరగనిస్తానా?

ఉపాయం నేనే కనిపెట్టాను. ఫైళ్లు డిస్కు మీద పడకుండా ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో, ఉండేలా పెట్టాను. ఆదివారం సాయంత్రం మాత్రం అన్నీ ఒక్కసారి డిస్కులోకి వెళ్తాయి. అందాకా కంప్యూటర్ ఆపకూడదని ఇంట్లో నా ఆజ్ఞ. మరి కరెంటు పోతే అంటారా? నేనంత తెలివితక్కువవాణ్ణా? యూపీఎస్ కూడా కొన్నాను. బ్యాటరీ అరిగిపోతుందని అట్టపెట్టెలోంచి తీయలేదంతే.

మా ఆవిడ సుజాతది బొల్లారం. బడిలో సోషల్ టీచరు. ఆ ఏడే చేరిన ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. హాఫ్ ఇయర్లీ ప్రశ్నపత్రాలు సోమవారం పొద్దున్నే ఇవ్వాలని వారమంతా కూర్చుని టైప్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ప్రశ్న కొట్టి "హమ్మయ్య" అందో లేదో, బయట వాన దంచింది. కరెంటు పోయింది.

కరెంటు తిరిగొచ్చాక ఫోల్డరు తెరిచి చూస్తే మా సోఫా అంత శుభ్రంగా ఉంది.

"ఏందిది? నా పేపర్లేవి?"

"నువ్వు సేవ్ చేశావా?" అన్నాను, నేరం ఆమె మీదికి తోసెయ్యొచ్చేమోనన్న ఆశతో.

"లైన్ లైన్‌కు సేవ్ కొట్టిన!"

"కొట్టావులే. అది డిస్కు దాకా పోలేదు. అరుగుతుందని నేనే..."

"అరుగుతదని డిస్క్ మీద రాయనియ్యలేదా? మరి గదాన్ని కొన్నదెందుకు, పూజ చేసెటందుకా?"

వంటింట్లోంచి మా అమ్మ నన్ను రక్షించడానికి వచ్చింది. "ఏటమ్మా, ఆణ్ణలా కేకలేస్తావు? కొత్త వస్తువు కదా, వాడితే పాడైపోదేటి?"

సుజాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఓహో! అత్తమ్మా, గిది మీ ఇంట్ల ఖాందానీ బీమారా?" అంది. అంతలోనే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రేపు పేపర్లు ఇయ్యకుంటే నా నౌకరీ ఉంటదా?"

అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. ర్యామ్ ఏర్పాటు పీకేశాను. యూపీఎస్‌కి పెట్టెలోంచి విముక్తి కలిగించాను. ఆమె గుర్తు తెచ్చుకుంటూ చెబుతుంటే నేను రెండు వేళ్లతో టైప్ చేశాను. "సామ్రాజ్య పతనానికి కారణాలు రాయుము" అన్నప్పుడు నావైపే చూసిందని నా అనుమానం. భోజనాల వేళకి అన్నీ పూర్తయ్యాయి, పెన్‌డ్రైవులో ఒక కాపీ కూడా చేరింది. సోమవారం పేపర్లు అందాయి, ఉద్యోగం నిలిచింది. మా ఇంటి రాతలకి ఆ డిస్కు అరగాలంటే నా మనవలు కూడా కూర్చుని టైప్ చెయ్యాలని తరవాత తెలిసింది.

ఆ సోమవారం సాయంత్రమే, ఉండబట్టలేక, డిస్కు ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచాను. "చూశావా, నూటికి నూరు!" అన్నాను గర్వంగా.

"ఎందుకుండదు? అది సుత నీ లెక్కనే, పనే చెయ్యలే గదా!" అంది సుజాత.

అందుచేత, పాఠక మహాశయులారా, ఇదే నా భీషణ ప్రతిజ్ఞ: ఇకమీదట ఏ వస్తువునీ వాడకుండా కాపాడను. టీవీ రిమోటు చేత్తో పట్టుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. కవరు మీదనుంచే అనుకోండి. మొన్ననే కొత్తది వేశాం.