బాబాయి రాయని పరీక్ష లేదు

మా బాబాయికి పరీక్షలు రాసే జబ్బుంది. జబ్బు అన్నది నా మాట కాదు, పిన్ని మాట. కంప్యూటర్ భద్రత అన్న ముక్క ఎక్కడ చెవిన పడినా, దానికో సర్టిఫికెట్ ఉందా, ఉంటే పరీక్ష ఎప్పుడు అని ఆరా తీస్తాడు. పదవీ విరమణ దగ్గర పడ్డ మనిషి, జుట్టు సగానికి సగం రాలిపోయిన మనిషి, ఇవాళ్టికీ జేబులో హాల్ టికెట్ పెట్టుకుని తిరుగుతాడు.

ఉద్యోగం బీమా కంపెనీలో. దొంగలు కంప్యూటర్లలోకి దూరకుండా కాపలా కాయడం ఆయన పని. పేరు వెనక పట్టాల అక్షరాలు పట్టక విజిటింగ్ కార్డు మడత పెట్టేది చేయించుకున్నాడు. ఈమెయిల్లో "సరే" అని ఒక్క మాట రాస్తాడు, దాని కింద పట్టాల జాబితా అరపేజీ ఉంటుంది. కొత్తగా చేరినాయన ఎవరో ఆ తోక చూసి, ఇదేదో వైరస్ అని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు విచారణకు బాబాయి దగ్గరికే వచ్చింది. శాస్త్రోక్తంగా విచారించి, ప్రమాదమేమీ లేదని తేల్చి, "సరే" అని జవాబిచ్చాడు. దాని కింద మళ్ళీ అరపేజీ.

ముందుగది గోడంతా సర్టిఫికెట్లే. పెళ్ళి ఫోటో పడకగదికి, అక్కడినుంచి బీరువా మీదికీ పోయింది. ఈ పట్టాలకి గడువుంటుంది. క్లాసులకీ సభలకీ వెళ్ళి పాయింట్లు కూడబెడితే పొడిగిస్తారు.

"మన పెళ్ళికి కూడా గడువేమైనా ఉందాండీ?" అని అడిగింది పిన్ని ఒకరోజు.

"ఉన్నా భయం లేదు. నీకు పాయింట్లు బోలెడున్నాయి."

ఆ పరీక్షల్లో ఇచ్చే నాలుగు జవాబులూ సరైనవే అయి ఉంటాయట. అందులో అన్నిటికన్నా సరైనది ఎంచుకోవాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది.

"ఏమండీ, బెండకాయ చెయ్యనా, వంకాయ చెయ్యనా?"

"రెండూ సరైనవే. ఈ సందర్భానికి ఏది ఎక్కువ సరైనది అన్నదే ప్రశ్న."

"ఈ సందర్భానికి పస్తు ఎక్కువ సరైనది," అని పిన్ని పొయ్యి కట్టేసింది.

నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. నాకు ఏ పట్టా లేదు. బాగుచేసిన ఫోను మోగితే చాలు, వచ్చినవాడు మారు మాట్లాడకుండా తీసుకుపోతాడు. అందుకని వీలు దొరికినప్పుడల్లా ఆయన్ని కదిపేవాణ్ణి.

"గోడ మీద కాగితం చూసి దొంగ పారిపోతాడా బాబాయ్?"

"పారిపోడు. అది దొంగ కోసం కాదురా, నిన్ను లోపలికి రానిచ్చేవాడి కోసం. వాడికి నువ్వెవరో తెలీదు. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

ఆ మాట ఎంత నిజమో మా అక్క ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తెలిసింది. అక్క ఒకప్పుడు పెద్ద ఆస్పత్రిలో నెట్‌వర్క్ చూసేది. కవలలు పుట్టాక మానేసింది. పిల్లలు బడికి వెళ్ళడం మొదలెట్టాక భద్రత వైపు ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టింది. పంపి, టీ తాగిన కప్పు కడిగేలోపే "క్షమించండి" అని జవాబొచ్చేది. మనిషన్నవాడు చదివితే అంత తొందరగా రాదు. సర్టిఫికెట్ లేని దరఖాస్తుని ఏదో యంత్రం గుమ్మంలోనే గెంటేస్తోంది.

బావ జీతంతో ఇల్లు గడిచిపోతోంది, అది బెంగ కాదు. అక్కకి తన మీద తనకే నమ్మకం పోతోంది. ఒకరోజు ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే, "కంపెనీవాడికి ఫోన్ చెయ్యి, నాకేం తెలుసు," అంది. ఆస్పత్రి మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆ మాట అంటే నాకు భలే బాధేసింది. వెళ్ళి బాబాయికి చెప్పాను.

"మొదటి మెట్టు పరీక్ష ఒక్కటి రాసెయ్ తల్లీ," అన్నాడాయన.

"నావల్ల కాదు బాబాయ్. ఆ గదిలో అందరూ నిన్న మొన్న కాలేజీలోంచి వచ్చినవాళ్ళుంటారు. నేను వెళ్ళి వాళ్ళ మధ్య ఏం కూర్చుంటాను?"

"నా పక్కన కూర్చో. నేనూ అదే రాస్తున్నా. నా పట్టా గడువైపోతోంది."

"పాయింట్లు పెట్టి పొడిగించుకోరాదూ?" అన్నాను నేను.

"రాస్తే అదో తృప్తి," అన్నాడు. అన్ని పట్టాలున్న మనిషి మొదటి మెట్టు పరీక్ష మళ్ళీ రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అనుకున్నాను.

భోజనాల బల్ల మీద చదువు మొదలైంది. తీరా చూస్తే బాబాయికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

"తల్లీ, సందేశం దాచడానికి తాళంచెవి ఒక్కటి చాలదూ? ఇక్కడ రెండెందుకు పెట్టారు?"

"పోస్టు డబ్బా అనుకో బాబాయ్. ఉత్తరం ఎవరైనా వెయ్యొచ్చు. తీసేది మాత్రం తాళంచెవి ఉన్నవాడే."

"వేసేవాడు తియ్యలేడా?"

"తియ్యలేడు. అదే కదా దాని గొప్ప."

"ఏమోనమ్మా, ఇంకోసారి చెప్పు."

అక్క ఓపిగ్గా ఇంకోసారి చెప్పింది. ఇంకో రకంగానూ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు లేస్తోంది, ఆయన మొహం అమాయకంగా అయిపోతోంది. పాపం, బాబాయికి మతిమరుపు మొదలైందేమోనని పిన్నిని చాటుగా అడిగాను. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తోందనుకున్నాను.

పరీక్ష రోజు ఇద్దర్నీ నేనే తీసుకెళ్ళాను. పళ్ళ డాక్టరు క్లినిక్ పైఅంతస్తులో పరీక్షా కేంద్రం. లోపలికి పంపేముందు జేబులు తిరగేయించారు, గడియారాలు తీయించారు, కళ్ళజోళ్ళు కూడా తిప్పి చూశారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. సరిగ్గా కునుకు పట్టకముందే తలుపు తెరుచుకుని, పర్యవేక్షకురాలు ముందూ బాబాయి వెనకా బయటికొచ్చారు.

"తల తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ మీకు?"

"ఆ అమ్మాయి తెర చూడలేదమ్మా. మొహం చూశాను."

"కెమెరాకి ఆ తేడా తెలీదండీ."

బాబాయి పరీక్ష రద్దయింది. కొంతకాలం దాకా మరే పరీక్షా రాయడానికి వీల్లేదన్నారు. ఆయన కాస్త ఆలోచించి, "ఆ అమ్మాయి అడిగితే మాత్రం, ముందే ముగించేసి వెళ్ళాడని చెప్పండి," అన్నాడు. ఆవిడ ఎగాదిగా చూసి లోపలికెళ్ళిపోయింది.

నాకు నవ్వాగలేదు. "కంచే చేను మేసిందన్నమాట."

"తర్వాత నవ్వుదువుగాని. మొదట బిగుసుకుపోయిందిరా. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయింది. ఆనక మౌస్ పట్టుకుంది, రెండు ప్రశ్నలు దాటింది. అక్కడిదాకా చూశాను. ఇంక పర్లేదు."

పర్లేదు కాదు, అక్క మంచి మార్కులతో గట్టెక్కింది. "ముందే ముగించి దర్జాగా లేచెళ్ళిపోయాడు. ఒళ్ళు మండి రాశాను," అంది. బాబాయి పక్కకి తిరిగి దగ్గాడు.

ఆ కాగితం జతచేసి పంపిన తర్వాత ఒక పెద్ద బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ అయ్యాక అక్క ఇంటికి కూడా పోకుండా తిన్నగా బాబాయి ఇంటికొచ్చింది. అడిగినావిడ అక్కడి భద్రతా విభాగానికి అధిపతి, ముక్కుసూటి మనిషి.

"ఇది లేకపోతే మీ దరఖాస్తు నా బల్ల దాకా వచ్చేదే కాదు," అందట ఆవిడ సర్టిఫికెట్ చూసి. "వచ్చింది కాబట్టి ఇంక దీంతో పన్లేదు, పక్కన పెట్టండి. ఆస్పత్రిలో నెట్‌వర్క్ పడిపోయిన రోజు మీరేం చేశారో చెప్పండి."

అక్క చెప్పింది. ఆపరేషన్ గదులకి ముందు లైను ఎలా ఇచ్చిందీ, తక్కినవాటిని ఎలా ఆపి ఉంచిందీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేసి, అప్పుడు అడిగిందట, పరీక్షకి ఎవరితో చదివారని.

"మా బాబాయితో. ఆయనా రాశారు."

"ఏమీ అర్థం కానట్టు అన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారా?"

"మీకెలా తెలుసండీ?"

"నాతోనూ చెప్పించుకున్నారు. నేనప్పుడు ఆయన పనిచేసే బీమా కంపెనీలో గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి దారి చెప్పేదాన్ని."

అక్క ఇదంతా చెబుతుంటే బాబాయి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పిన్ని వైపు చూశాను.

"నీకిప్పుడా తెలిసింది?" అంది పిన్ని. గోడ దగ్గరికి నడిచి వేలు పెట్టి చూపించింది. "ఇది ఆవిడది. ఇది ఆఫీసులో ప్రింటర్లు బాగుచేసే అతనిది. ఆ పైది, ఫెయిలై ఫెయిలై ఇంక రాయనని కూర్చున్న కుర్రాడిది. ఈయన కోసం ఈయన రాసుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తక్కినవన్నీ ఎవరో ఒకరికి తోడెళ్ళినవే."

"మరి చెప్పలేదేం బాబాయ్?" అంది అక్క.

బాబాయి పేపరు దించాడు. "చెబితే వాళ్ళకి తోడు కావాల్సినంత భయం ఉందని పదిమందికీ తెలిసిపోదూ? నన్ను పరీక్షల పిచ్చోడంటే పోయేదేముంది."

అప్పుడు నేను ఉండబట్టలేక ఆ రోజు వరండాలో జరిగింది కూడా చెప్పేశాను. అక్క నవ్వింది, ఆయన్ని నాలుగు తిట్టింది, ఆ పూట వంట తనే చేసి పెట్టింది. ఇన్నాళ్ళూ ఆ గోడని వెక్కిరించిన నేను, ఒక్కో కాగితం దగ్గరా ఆగి చూసుకుంటూ నిలబడ్డాను. ఇంత మంచి పిచ్చి నేను వేరే ఎవరిలోనూ చూడలేదు.

అక్క ఉద్యోగంలో కుదురుకుంది. ఆ బ్యాంకులో లిఫ్టు దగ్గర కాపలా ఉండే ఒకాయనకి అక్క చేసే పని నేర్చుకోవాలని ఆశ, పరీక్ష అంటే వణుకు. బాబాయి మీద నిషేధం ఇంకా తీరలేదు. దాంతో అక్క ఆ కాపలా ఆయనకి తోడుగా తనూ ఆ పరీక్షకి పేరు కట్టి, భోజనాల బల్ల దగ్గర ఏమీ తెలియనట్టు కూర్చుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా.

పరీక్షకి మళ్ళీ నేనే తీసుకెళ్ళాను. లోపలికి రానివ్వరని తెలిసీ బాబాయి వెంట వచ్చాడు. వాళ్ళిద్దరూ లోపలికెళ్ళగానే తలుపుకున్న అద్దంలోంచి మెడ సాచి చూడబోయాడు. పర్యవేక్షకురాలు చూడనే చూసి, లోపలినుంచి తెర లాగేసింది. ఆయన వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. అంతలోనే తలుపు కొంచెం తెరుచుకుని, ఆవిడ తల బయటికి పెట్టింది.

"రాస్తున్నాడండీ. మీరు కూర్చోండి."