కుళ్ళాయప్ప మూసిన పేరు

అనంతపురంలో మెట్టసేద్యం మీద పరిశోధన వ్యాసాలు వేసే పత్రికొకటి ఉండేది. మూణ్ణెల్లకోసారి రావాల, వచ్చేది ఆర్నెల్లకు. ఎడిటర్లు మారినారు గానీ టైపిస్టు కుళ్ళాయప్ప మారలేదు. వ్యాసాన్ని మంచిచెడ్డలు తేల్చే పెద్దలకు పంపేముందు, రాసినోళ్ల పేర్ల మీద తెల్లకాగితం ముక్క గంజితో అతికించేవాడు. పేరు తెలిస్తే మొహమాటపడతారని ఆ ఏర్పాటు. ఇరవై ఏండ్లలో ఒక్క పేరూ బయటపడనీలేదు. దానికి ఆయనకు కాస్త పొగరుండేది, ఉండనీండి.

2004లో ఆఫీసు కంప్యూటర్లోకి పత్రికలు నడిపే సాఫ్టువేరొచ్చింది. యాడో దూరదేశమోళ్లు రాసి, ఎవురైనా వాడుకోండప్పా అని ఊరికే ఇచ్చినారంట. వ్యాసాలు తీసుకునేది, పెద్దలకు పంపేది, ఆఖరికి లోకానికి చూపించేది అంతా దాంట్లోనే. పేర్లు కూడా అదే దాస్తాదంట. అదే కుళ్ళాయప్పకు మింగుడుపడలేదు.

"మిషన్ని నమ్మి పేర్లెట్లా వదిలేది?" అని, ఫైల్లో పేర్లు తన చేత్తో చెరిపేసి మరీ ఎక్కించేవాడు.

అట్లా ఎక్కించినవాటిలో లెక్చరరు మల్లికార్జున వ్యాసం ఒకటి. బెళుగుప్ప పక్కన సుంకమ్మ అనే ముసలి రైతు ఉండాది. దుక్కి తడిసే పదును వాన పడినప్పుడల్లా తాడుకొక ముడి వేసేది. ఏడాదికొక తాడు, పద్దెనిమిది తాళ్లు చూరుకు వేలాడుతాండాయి. ఏ యేడు ఏ పంట చేతికొచ్చిందో నోటికి చెప్తాది. వ్యాసమంతా ఆ తాళ్ల మీదే. పేరు మాత్రం మల్లికార్జునదొక్కటే, సుంకమ్మకు ఆఖర్లో కృతజ్ఞతలు!

మంచిచెడ్డలు తేల్చే పెద్దాయన, రాసిందెవరో తెలియకుండానే వ్యాసం చదివి, "ఈ ముడులు వేసినామె పేరు కూడా రచయితగా ఉండాల," అని తేల్చి రాసినాడు. మల్లికార్జున తలొంచుకున్నాడు.

"నిజమే అన్నా. ముందు ఆమె పేరే వెయ్యి."

కుళ్ళాయప్పకు కండ్లు చెమ్మగిల్లినాయి. ఆ పొద్దే వ్యాసాన్ని లోకానికి కనపడేట్టు ఎక్కించి, సుంకమ్మకు కబురు పెట్టినాడు.

మర్నాడు మొదటి బస్సుకే దిగిందామె, ఆ యేటి తాడు కొంగున కట్టుకొని. "యాడుండాది నాయనా నా పేరు? నాకు చదువు రాదు, ఊరికే చూస్తా."

మల్లికార్జున కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. కుళ్ళాయప్ప గొప్పగా కంప్యూటర్లో పేజీ తెరిచినాడు. పైన వ్యాసం పేరుండాది. కింద రచయితలుండాల్సిన చోట బోడిగా, తెల్లగా ఉండాది. అయ్యో రాత! అలవాటు పడిన చెయ్యి, లోకం చూసే కాపీలో కూడా పేర్లు చెరిపేసింది.

సుంకమ్మ ఆ తెలుపునే చూసింది. "వేసేదానికి కుదర్లేదా అప్పా? పోనీలే, నేనేమనుకోను."

ఆ మాటకు ఆయన ప్రాణం ఉసూరుమనింది. "కుదరకపోయేదేముందక్కా! నా చేతులు పడిపోను, నేనే చెరిపేసినా. కూర్చో, కదలొద్దు."

అచ్చయిన పుస్తకమైతే ఇంక చేసేదేమీ లేదు. ఇది కంప్యూటర్లోది కాబట్టి సరిపోయింది. పేర్లు ఒక్కొక్క అక్షరం కొట్టినాడు. పాత ఫైలు తీసి కొత్తది పెట్టినాడు. పేజీ మళ్లీ తెరిచి, మొదటి పేరు మీద వేలు పెట్టినాడు.

"ఇదక్కా. సుంకమ్మ, బెళుగుప్ప. ఏ దేశమోళ్లైనా దుడ్లు కట్టకుండా చదువుకోవచ్చు."

ఆమె కంప్యూటర్ అద్దాన్ని అరచేత్తో నిమిరింది. తర్వాత కొంగున ఉన్న తాడు విప్పి, కొసన ఒక ముడి బిగించింది.

మల్లికార్జున లేచినాడు. "అవ్వా, నిన్న వాన పడలేదు కదా, లెక్క తప్పుతాది!"

"తప్పదులే నాయనా," అనింది సుంకమ్మ, కండ్లు తుడుచుకుంటా. "నేను తడిసినా కదా."