రోడ్లు లేని ఊరికి రెండు రోజులు

మా ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైట్ కంపెనీలో ఎగుమతుల పని చూసేవారు. ఏ రాయి ఏ దేశం వెళ్లాలి, ఏ ఓడ ఎక్కాలి, కాగితాలు సరిగా ఉన్నాయా లేదా, అదీ ఆయన ఉద్యోగం. నేను ఒంగోలులో హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. రెండువేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తు లేదు, ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, ఈసారి ఇటలీ మనమే వెళ్తున్నాం అన్నారు.

ఆ దేశంలో ఏటా రాళ్ల ప్రదర్శన జరుగుతుంది. మన రాయి కొనే వ్యాపారులంతా అక్కడికి వస్తారు. ప్రతిసారీ యజమానే వెళ్లేవారు. ఆ ఏడు ఆయనకు మోకాలి ఆపరేషన్ పడింది, అందుకని మా ఆయన్ని వెళ్లమన్నారు. భార్యను తీసుకెళ్తానంటే అడ్డు చెప్పలేదు. ప్రదర్శన జరిగే ఊరి నుంచి రైల్లో కాసేపు వెళ్తే వెనిస్ వస్తుందట. పని అయ్యాక అక్కడ రెండు రోజులు ఉండి వద్దామని ఆయన ఆలోచన. పెళ్లై ఇన్నేళ్లయినా తిరుపతి, అరకు తప్ప నిన్నెక్కడికీ తీసుకెళ్లలేదు కదా అన్నారు.

నేను ఊఁ అన్నాను. నవ్వాను కూడా. లోపల మాత్రం ఎవరో చన్నీళ్లు పోసినట్టయింది.

వెనిస్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఏటా పాఠం చెప్పేదాన్నే. ఆ ఊళ్లో కాలువలే వీధులు, అక్కడ సిటీ బస్సంటే పడవే అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. బొమ్మ గీసినంత తేలిక కాదు కదా వెళ్లడం.

మా పుట్టిల్లు దర్శి వైపు. మా పొలాల పక్కనుంచే సాగర్ కాలువ పారేది. ఆ నీళ్లు వచ్చాకే మా వైపు మిర్చి, పత్తి బాగా పండాయి. పెద్దవాళ్లు ఆ కాలువ దాటేటప్పుడు చేతులు జోడించేవాళ్లు. కానీ దాని గట్లు మట్టివి కావు, ఏటవాలుగా పోసిన సిమెంటు. నీళ్లు తగిలేచోట నాచు పట్టి ఉంటుంది. దిగడం తేలిక, ఎక్కడం కుదరదు. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్నప్పుడు, మిరపకాయ కోతలప్పుడు, కాళ్ల బురద కడుక్కుందామని దిగి జారిపోయాను. అరవలేదు. నోట్లోకి నీళ్లు వెళ్లాయి. పైన ఆకాశం కనిపిస్తూనే ఉంది, సిమెంటు కూడా చేతికి తగులుతూనే ఉంది, పట్టు మాత్రం దొరకడం లేదు. కోతలకొచ్చిన ఆడవాళ్లలో ఒకావిడ చూసి, గట్టు మీద నాతోపాటు పరుగెత్తి, కట్టుకున్న చీర సగం విప్పి విసిరింది. అది పట్టుకుని బయటపడ్డాను. ఆ తర్వాత కొన్నాళ్లకే అదే చోట ఒక కూలీ మనిషి జారాడు. అతనికి చీర విసిరేవాళ్లు లేకపోయారు. లాకుల దగ్గర దొరికాడని మా అమ్మ పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను.

అప్పటినుంచి నేను నీళ్లలో దిగలేదు. కృష్ణా పుష్కరాలకు వెళ్లినా మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాను. బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే కళ్లు మూసుకునేదాన్ని. ఇది ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఒంగోలులో నీళ్లంటే రోజు విడిచి రోజు వచ్చే కొళాయే. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పాల్సిన సందర్భం ఎప్పుడూ రాలేదు. వచ్చినప్పుడు చూస్తే ఆయన మొహం అంత సంతోషంగా ఉంది.

ఇక ఆయన ఏర్పాట్లు మొదలుపెట్టారు. ఆదివారం వస్తే చాలు, నన్ను కర్నూలు రోడ్డులో ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లేవారు. చెక్కలు కొట్టిన చిన్న గదిలో ఇద్దరం ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లం. ఫొటోలు పైనుంచి కిందికి మెల్లగా, గళ్లు గళ్లుగా తెరుచుకునేవి. ముందు ఆకాశం, తర్వాత మేడలు, తర్వాత కిటికీలు. కిందికి వచ్చేసరికి నేల ఉండాల్సిన చోట నీళ్లు. ఇంటి తలుపు తీస్తే నీళ్లే. ఒక ఫొటోలో గుమ్మం నుంచి మెట్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. కింది మెట్లకు పచ్చగా నాచు. ఆయన అది ఎంత బాగుందో చూడమన్నారు. నాకు ఆ నాచు తప్ప ఇంకేమీ కనిపించలేదు. చెమటలు పడుతున్నాయేమిటని అడిగితే గాలాడటం లేదని చెప్పి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. లారీలు, దుమ్ము, చెరుకురసం బండి. ఆ దుమ్ములో ప్రాణం లేచొచ్చింది.

స్టేషన్‌లో దిగగానే పడవ బస్సు ఎక్కాలని, అదే హోటల్ దగ్గర దింపుతుందని, సాయంత్రం ఆ నల్లటి సన్న పడవలో ఒక్కసారైనా తిరగాలని ఆయన అన్నీ నిర్ణయించేశారు. నేను మాత్రం ఎక్కడో ఒకచోట ఈ ప్రయాణం ఆగిపోవాలని మొక్కుకుంటున్నాను. పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వస్తే, టీ ఇచ్చి ఎదురుగా నిలబడి, ఇతను ఏదో ఒక లోపం పట్టుకుంటే బాగుండునని చూశాను. అతను టీ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. పాస్‌పోర్టులు వచ్చాయి. వీసా కాదంటారని ఆశపడ్డాను, చెన్నై ఏజెంటు ఫోన్ చేసి అదీ వచ్చిందన్నాడు. ఇంట్లో మిఠాయి పంచారు. ఒక్కో పని అవుతున్నకొద్దీ నాకు ఒక్కో మెట్టు కిందికి దిగుతున్నట్టుండేది.

ఆ ఏడు ఆ పాఠం చెప్పలేకపోయాను. ఆ పేజీ తిప్పేసి ముందుకు పోయాను.

చివరికి నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ముందు ఇక్కడే ఎక్కి చూస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మా స్కూల్లో హిందీ టీచర్‌ది సింగరాయకొండ అవతల సముద్రం వైపు ఊరు. వాళ్ల ఊరి పక్కన పాత బకింగ్‌హామ్ కాలువ ఉంది. అవతల సరుగుడు తోటలకు పడవ మీద దాటుతారు. ఒక ఆదివారం వస్తానని ఆవిడతో చెప్పాను. మా ఆయన వింటే మరీ సంబరపడ్డారు, వెనిస్‌కు ఇది రిహార్సల్ అన్నారు.

వెళ్లాం. కాలువ కదలకుండా ఉంది. మా సాగర్ కాలువలాగా ఉరకలు లేవు. పడవ మనిషి పెద్దవాడు. నడుం లోతే అమ్మా, పడినా లేచి నిలబడితే చాలు అన్నాడు. అతను చెప్పింది నిజమేనని నాకూ తెలుసు. కానీ భయానికి లోతుతో పని లేదు. హిందీ టీచర్ గట్టు మీదే ఆగింది, మేమిద్దరం ఎక్కాం. కాలు పెట్టగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. అంచు పట్టుకుని కూర్చున్నాను. సగం దూరం వెళ్లాక అతను గెడ వేసి తిప్పాడు, పడవ ఊగింది, నీళ్లు నా వైపు లేచాయి. ఇక నాకు తెలియదు. లేచి నిలబడ్డానట. మా ఆయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని లాగానట. పడవ తలకిందులు కాబోయింది.

"కూర్చో తల్లీ, కూర్చో! ముగ్గురం పోతాం!" అని పడవ మనిషి గద్దించిన మాట మాత్రం గుర్తుంది.

కూలబడ్డాను. పడవ అడుగున ఉన్న నీళ్లలో చీర తడిసింది. అవతలి గట్టు ఎక్కాక పరుగులాంటి నడకతో తోటలోకి పోయి ఒక సరుగుడు చెట్టును పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, ఇంటికి వెళ్లాలంటే మళ్లీ ఆ పడవే ఎక్కాలి. వేరే దారి లేదు.

ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను. కాలువ, నాచు, చీర, లాకుల దగ్గర దొరికిన మనిషి, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఇన్ని నెలలు ఆదివారాలన్నీ వృథా చేశావని కోప్పడతారనుకున్నాను. లేదా నవ్వుతారనుకున్నాను. ఆయన సరుగుడు ఆకుల్ని కాలితో అటూ ఇటూ తోశారు.

"నాకు విమానం అంటే భయం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన పని ఆఫీసులో కాదు, క్వారీలో. ఒక రోజు రాయిని క్రేన్‌తో పైకి లేపుతుంటే ఇనుప తాడు తెగింది. ఆయన పక్కనున్న మనిషి కాలు పోయింది. ఆ తర్వాత గాల్లో వేలాడే దేన్ని చూసినా ఆయనకు ఒళ్లు జలదరించేది. దుమ్ము పడక దగ్గు వస్తోందని చెప్పి ఆఫీసుకు మారారు. నేను ఇన్నేళ్లూ ఆ దగ్గునే నమ్మి మిరియాల కషాయం కాచి ఇచ్చాను.

"మరి వెళ్తానని ఎందుకు ఒప్పుకున్నారు?" అన్నాను.

"యజమాని అడిగితే భయమని ఎలా చెప్పను? వెనిస్ గురించి ఆలోచిస్తున్నంతసేపూ విమానం గుర్తు రాదు. అందుకే ఆ ఫొటోలు అన్నిసార్లు చూశాను."

ఎండ వాలుతోంది. అవతలి గట్టు మీద హిందీ టీచర్ నిలబడి చెయ్యి ఊపుతోంది. పడవ మనిషి ఎదురు చూస్తున్నాడు. నేను గట్టు దాకా వచ్చి ఆగిపోయాను. అప్పుడు మా ఆయన చెప్పులు విప్పి పడవలో పెట్టి, ప్యాంటుతోనే నీళ్లలోకి దిగారు. నడుం దాకా మునిగారు. నువ్వెక్కి కూర్చో, నేను పక్కనే నడుస్తాను అన్నారు. పడవ అంచు మీద ఒక చెయ్యి వేసి ఆ గట్టు దాకా నడిచారు. బురదలో కాలు దిగబడినప్పుడల్లా ఆగి, మళ్లీ నడిచారు. పడవ మనిషి నవ్వుకుంటూ గెడ వేశాడు. నేను నీళ్లు చూడలేదు. తడిసిన ఆ చొక్కా చెయ్యినే చూస్తూ కూర్చున్నాను. భయం తగ్గలేదు, అరవలేదు అంతే.

ఆ వారం మళ్లీ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాం. ఈసారి ఫొటోలు కాదు, ఊరి పటం చూశాం. ఆ ఊళ్లో రోడ్లు లేవు గానీ సందులున్నాయి, సందుకూ సందుకూ మధ్య వంతెనలున్నాయి. స్టేషన్ నుంచి హోటల్ దాకా నడిచే వెళ్లొచ్చు. పటం ప్రింటు తీయించి ఆయన ఎర్ర పెన్నుతో దారి గీశారు. పడవ అనే మాటే లేదు ఇక. అసలు మానేద్దామా అని నేను అడిగాను. ప్రదర్శన మానడం కుదరదు, నువ్వు రాకపోతే ఒక్కణ్ణే వెళ్తాను అన్నారు. ఆ ఒక్కణ్ణే అన్న మాటకు నాకు ఆ కాలువకన్నా ఎక్కువ భయమేసింది. వస్తానన్నాను.

విమానం నేల వదిలేటప్పుడు ఆయన వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. కిటికీ తలుపు నేనే దించేశాను. ఏదో ఒకటి మాట్లాడమన్నారు. నాకు వచ్చిందల్లా పాఠాలే, పంటలు, నదులు, రాజధానులు చెప్పుకుంటూ పోయాను. ఆయన ప్రతిదానికీ తలూపారు. ఒక్కటీ వినలేదని నాకు తెలుసు. ప్రదర్శనలో ఆయన పని బాగానే జరిగింది. వ్యాపారులతో మాట్లాడుతుంటే దూరంగా కూర్చుని చూశాను, నేల మీద ఆ మనిషి ఎంత ధీమాగా ఉన్నారో.

పటం మాకు చెప్పని సంగతి ఒకటుంది. వెనిస్‌కు రైలు నీళ్ల మీదుగానే వెళ్తుంది. పటంలో అది సన్నటి గీత. రైల్లో కూర్చుంటే అటూ ఇటూ కనుచూపు మేరా నీళ్లే. ఆయన ఒడిలో తల పెట్టి కళ్లు మూసుకున్నాను. స్టేషన్ బయటికొస్తే మెట్ల కిందే పెద్ద కాలువ, దాని మీద ఇంజన్ల మోతతో పడవలు. గోడ వైపు నన్ను ఉంచి, నీళ్ల వైపు తాను ఉండి, ఆయన ఎర్ర గీత చూసుకుంటూ నడిపించారు. వంతెనల మీద నడి మధ్యలో నడిచాను. నీళ్ల వైపు చూడకుండా గోడలే చూస్తూ నడిచాను గనుక ఆ ఊరి గోడలు నాకు బాగా తెలుసు. పెచ్చులూడిన ఇటుకలు, కిటికీల్లో ఎర్రపూల కుండీలు, సందు మీదుగా కట్టిన తాళ్ల మీద ఆరేసిన బట్టలు.

రెండో రోజు పొద్దున పెద్ద చర్చి ముందున్న మైదానానికి వెళ్తే, నేలలో ఉన్న కన్నాల్లోంచి నీళ్లు పైకి ఊరుతున్నాయి. సముద్రం పోటు మీదుందట. చూస్తుండగానే రాళ్ల పరుపు మీద పలచగా పరుచుకుని, చెప్పుల దాకా వచ్చాయి. నీళ్ల దగ్గరికి నేను వెళ్లకపోతే నీళ్లే నా దగ్గరికి వచ్చినట్టయింది. జనం వరసగా వేసిన చెక్క బల్లల మీద ఎక్కి నడుస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను ఒక స్తంభాన్ని పట్టుకుని వదల్లేదు. ఆయన నన్ను అక్కడినుంచి మెల్లగా విడిపించి, హోటల్‌కు తీసుకొచ్చారు. మధ్యాహ్నం దాకా గదిలోనే ఉన్నాం. కిటికీలోంచి చూస్తే, ఒక ముసలావిడ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, కూరగాయల సంచీతో, ఆ నీళ్లలో విసుగ్గా నడిచి వెళ్తోంది. తలుపు తీసింది, బూట్లు విదిలించింది, లోపలికి పోయింది.

నీళ్లు తీశాక వెళ్లి ఆ మైదానం చూశాం. తడిగా మెరుస్తోంది. చాలా బాగుంది, ఆ మాట అనకపోతే అబద్ధం చెప్పినట్టే. దారిలో పడవల రేవు దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్లీ అడగలేదు.

సాయంత్రం స్టేషన్ లోపల బెంచీ మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన కారప్పొడిలో రొట్టె అద్దుకుని తిన్నాం.

"భయం పోయిందా?" అని అడిగారు.

"లేదు" అన్నాను. "మీకు?"

"రేపు మళ్లీ ఎక్కాలిగా" అన్నారు.

రైలు వచ్చింది. నీళ్ల మీద నుంచి పోతున్నప్పుడు కిటికీ వైపు ఆయన కూర్చున్నారు.